చెప్పినవాడికి నష్టం రాకూడదు

డెన్మార్కులో బొచ్చుతోలు కోసం పెంచే మింక్ జంతువుల ఫారాల్లో 2020 జూన్‌లో కరోనా బయటపడింది. మొదట జబ్బు తగిలిన మందల్ని చంపారు, తర్వాత ఆపి పరీక్షలతో సరిపెట్టారు. జబ్బు చాటుగా పాకింది. మనుషుల నమూనాల్లో వైరస్ జన్యుక్రమం చూస్తేగాని, మింకుల్లో మారిన రకమొకటి 12 మందికి సోకిందని తేలలేదు. నవంబరులో మింకులన్నిటినీ చంపమన్నారు. జబ్బులేని మందల్ని చంపించే అధికారం చట్టంలో లేదని ఆనక తెలిసింది!

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూసిన కోళ్ల రైతులకు వేరే చెప్పాలా? కోళ్లు చస్తుంటే గుట్టుగా పూడ్చడం కాదు, నమూనా వెంటనే ల్యాబ్‌కు పోవాలి. అయితే చెప్పినవాడే నష్టపోతే ఎవరు చెబుతారు? పరిహారం ఆలస్యం లేకుండా చేతికందితేనే రైతు నోరు విప్పుతాడు. సర్కారు ముందు ఆ భరోసా ఇవ్వాలి.