ఆ 40 సెకన్లు ఉండనివ్వండి

మన కాలేజీలో తీసే షార్ట్ ఫిల్ములన్నీ ఒకేలా ఉంటాయంటే అందరం కథల్నే తిడతాం. నాకు మాత్రం తప్పు కథలది కాదనిపిస్తుంది. ప్రతి షాటూ రెండు మూడు సెకన్లే. టైటిల్ నుంచి థాంక్స్ కార్డు దాకా బీజీఎం ఆగదు. అన్నీ ఒకే పొడవుంటే ఏది ముఖ్యమో చూసేవాడికెలా తెలుస్తుంది? గురువులూ లఘువులూ కలిస్తేనే పద్యానికి నడక వస్తుందని ఈ క్లబ్బులో చేరాకే తెలిసింది (ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, గణాలు ఇప్పటికీ వేళ్ల మీదే లెక్కపెడతా). సినిమాకీ అంతే.

క్రిస్ మార్కర్ 1962లో తీసిన 'లా జెతే' చూడండి. 28 నిమిషాల ఫ్రెంచ్ సినిమా, దాదాపు అంతా కదలని ఫొటోలే, వెనక ఒక గొంతు కథ చెబుతుంటుంది. ఒక చోట నిద్రపోతున్న అమ్మాయి ఫొటోలు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతూ వస్తాయి, పక్షుల కూతలు పెరుగుతూ పోతాయి. ఉన్నట్టుండి ఆమె కళ్లు తెరిచి రెప్ప వేస్తుంది. సినిమా మొత్తంలో నిజంగా కదిలే షాటు అదొక్కటే, అదీ కొన్ని సెకన్లే. హాస్టల్లో ఒంటరిగా చూస్తూ నేను ఉలిక్కిపడ్డా. మామూలు సినిమాలో ఎవరైనా రెప్ప వేస్తే పట్టించుకుంటామా?

ఇంకో కొస పీటర్ కుబెల్కా. 1960 నాటి ఆయన 'ఆర్నుల్ఫ్ రైనర్' ఆరున్నర నిమిషాలు. అందులో తెల్ల ఫ్రేమ్, నల్ల ఫ్రేమ్, హోరు, నిశ్శబ్దం, ఇంతే. సీఎస్ వాడిగా నాకు రెండు బిట్లు కనిపించాయి. కళ్లు నొప్పి పుట్టాయి కూడా, అబద్ధం చెప్పను.

పోయిన సెమ్‌లో మేం ముగ్గురం ఐదు నిమిషాల ఫిల్మ్ తీశాం. నా రూమ్మేట్‌కి జరిగిందే: మూడు సబ్జెక్టులు పోయాయని ఇంటికి ఫోన్ చేసి చెప్పడం. ఎడిటింగ్ నాది. రిజల్ట్స్ హడావుడంతా అర సెకను ముక్కలుగా కోశా, నోటిఫికేషన్ల మోత, అరుపులు. బాగానే వచ్చింది. ఫోన్ సీన్ దగ్గర భయమేసింది. "నాన్నా, మూడు పోయాయి" అన్నాక మూడు సెకన్లుంచి వయొలిన్ వేసేశా.

వాడు చూసి, "అట్లా కాదురా. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. కాల్ కట్ అయిందేమో అని ఫోన్ తీసి చూసుకున్నా. కట్ కాలేదు. ఫ్యాన్ చప్పుడే వినబడింది" అన్నాడు.

వయొలిన్ తీసేశాం. ఆ సీన్ మళ్లీ తీశాం, 40 సెకన్లు, కట్ లేదు. రాత్రి రెండింటికి రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు విడిగా రికార్డు చేసి వేశాం.

సెమినార్ హాల్లో వేస్తే పదో సెకనుకి ఎవరో ఈల వేశారు. "హ్యాంగ్ అయింది" అని ఇంకొకడు, నవ్వులు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. జడ్జిల్లో ఒకరు మాత్రం "అక్కడ ల్యాగ్ ఉంది, ట్రిమ్ చేయండి" అన్నారు. ముందు ఆ అర సెకను ముక్కలు లేకపోతే ఆయన మాటే నిజం, ఒప్పుకుంటా. పొడుగు షాటు దానంతటదే గొప్పది కాదు. కానీ ఆయన చెప్పినట్టు కోస్తే మిగిలేది నా వయొలినే.

వచ్చే నెల ఇంకో ఫెస్ట్‌కి పంపుతున్నాం. లిమిట్ నాలుగున్నర నిమిషాలట. టైటిల్స్‌లో మా పేర్లు కోసేస్తున్నా.