ఆ గడిలో ఏమి వ్రాయాలి?

రజబ్ మాసంలో ఒకనాడు అసర్ నమాజ్ ముగించుకొని మదర్సా వరండాలో కూర్చొని ఉండగా మా బాజీ, దూలాభాయ్ వచ్చారు. వారి చేతిలో అమెరికా వీసా దరఖాస్తు నకలు ఉన్నది. డల్లాస్‌లో ఉంటున్న కుమార్తెకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. అమ్మీ పక్కన ఉండాలని ఆ పిల్ల రోజూ ఫోనులో ఏడుస్తున్నదట.

"మౌలానా, మీరే చెప్పాలి" అన్నారు దూలాభాయ్.

గతంలో ఎన్నడైనా వీసా నిరాకరింపబడినదా అని డీఎస్-160 ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. బంధువుల పెళ్ళికి వెళ్ళదలచి 2019లో చేసుకున్న దరఖాస్తు వారికి దక్కలేదు. అయినను ఏజెంటు "లేదు" అని నింపి పంపివేశాడు. ఫారం నింపడంలో ఎవరైనా సాయపడ్డారా అన్న ప్రశ్నకు కూడా అదే జవాబు! పాపం, దూలాభాయ్ చదవకుండానే సరే అన్నారు.

పాఠకులు ఒక సంగతి గ్రహించాలి. నిరాకరణ నేరారోపణ కాదు. సందర్శక వీసా కోరే ప్రతివాడూ అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నాడనే ఆ దేశ చట్టంలోని 214(బి) సెక్షను ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసినది మనమే. నిరూపించలేకపోయిన వారు మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. 185 డాలర్ల రుసుము మాత్రం తిరిగి రాదు. కానీ ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధమాడినట్లు తేలితే ఆ దేశ ప్రవేశానికి జీవితాంతం అనర్హులు కావచ్చు. పాత దరఖాస్తు, వేలిముద్రలు వారి వద్దనే ఉంటాయి గదా!

అది చట్టం మాట. నా మనసులో మెదిలినది వేరు. పెద్ద పాపాలను వివరిస్తూ, ఆనుకొని ఉన్న దైవప్రవక్త (స) అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే లేచి కూర్చున్నారని హదీసు పాఠంలో ఏటా పిల్లలకు చెబుతాను. ఫారం చివర "ఇవన్నీ నిజమే" అని ధ్రువీకరించేది ఏజెంటు కాదు, దరఖాస్తుదారుడే.

"జరూరత్ ఉంటే మినహాయింపు లేదా?" అని బాజీ అడిగింది. ప్రాణం మీదికి వచ్చినప్పటి మినహాయింపును ఈ కోరికకు వర్తింపజేయలేనన్నాను. అక్కడ ఆసుపత్రి ఉన్నది, అల్లుడున్నాడు. చెప్పానే గాని, ఆమె ముఖం చూడలేకపోయాను.

సమర్పించిన ఫారాన్ని దిద్దడం కుదరదు. కొత్తది నింపాలి, దాని అంకె అపాయింట్‌మెంటులోని అంకెతో సరిపోవాలి. మా మేనల్లుడు రెండు రాత్రులు కూర్చొని నింపాడు. బాజీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మన స్త్రీలలో చాలామందికి ఇంతే. అటువంటప్పుడు ఉన్న పేరును ఇంటిపేరు గడిలో వ్రాసి, రెండవ గడిలో ఎఫ్‌.ఎన్‌.యు. అని వ్రాయాలి. ఫోటోకు తలపై దుపట్టా తీయనక్కరలేదు. ముఖమంతా కనబడాలి, కళ్ళజోడు ఉండరాదు.

2008లో హైదరాబాదులో కాన్సులేట్ తెరవకముందు మన పెద్దలు ఇందుకోసం మద్రాసు రైలెక్కేవారు. ఇప్పుడు నానక్‌రామ్‌గూడకు వెళ్తే చాలు. తేదీ దొరకడమే కష్టం. ఈ మార్పులో మొదటి తేదీ చేజారింది. కొత్తగా చిక్కినది కాన్పు గడువు దాటిన తొమ్మిదవ నాడు.

దూలాభాయ్ నన్నేమీ అనలేదు. బాజీ కూడా అనలేదు. అచ్వానీకి గోందు, బాదం, సొంఠి అన్నీ సిద్ధం చేసి డబ్బాకెత్తింది. అది ఇంకా వారి వంటింటి అరలోనే ఉన్నది.