‘ఉత్త రెటరిక్’ అనేముందు

“అదంతా ఉత్త రెటరిక్ అండీ” అని కొట్టిపారేయడం మనకు అలవాటైపోయింది. ఈ తిట్టు మనకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను.

గ్రీకులు చెప్పుకున్న కథ ప్రకారం రెటరిక్ పుట్టింది పండిత గోష్ఠుల్లో కాదు, భూమి తగాదాల్లో. క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీ దీవిలోని సిరక్యూస్ నగరంలో నియంతల పాలన కూలింది. వాళ్ళు లాక్కున్న భూముల కోసం జనం న్యాయస్థానాలకెక్కారు. ఎలా వాదించుకోవాలో వాళ్ళకి నేర్పినవాళ్ళు కొరాక్స్, టిసియాస్ అంటారు. ఏథెన్స్‌లోనూ ఎవరి కేసు వాళ్ళే చెప్పుకోవాలి. తీర్పిచ్చేది వందలమంది మామూలు పౌరులు. నోరు పెగలకపోతే పొలం పోయినట్టే. అందుకే లిసియాస్ లాంటివాళ్ళు డబ్బు తీసుకుని ప్రసంగాలు రాసిచ్చేవారు.

మరి దీన్ని బురిడీ విద్య అన్నదెవరు? ప్లేటో. ‘గోర్గియాస్’లో ఆయన దీన్ని వంటతో పోల్చాడు: నాలుకకు రుచే తప్ప ఒంటికి మేలు లేదని. క్రీ.పూ. 399లో ఆయన గురువు సోక్రటీస్‌కి మరణశిక్ష వేసింది అలాంటి పౌరుల న్యాయస్థానమే. ఆ కోపం నాకర్థమవుతుంది. కానీ జనానికి మంచిచెడ్డలు తేల్చుకునే తెలివి లేదన్న నమ్మకం కూడా ఆ కోపంలో కలిసుంది. దాన్నెందుకు మనం మోయాలి?

“మరి జనాన్ని రెచ్చగొట్టే క్లియోన్ లాంటివాళ్ళ సంగతో?” అంటారా? సరే, చూద్దాం. క్రీ.పూ. 427లో, తిరగబడ్డ మిటిలీనీ నగరంలో మగవాళ్ళందరినీ చంపాలని ఏథెన్స్ సభ తీర్మానించింది. ఆ ఆజ్ఞతో ఓడ కూడా బయల్దేరింది. మర్నాడు మళ్ళీ చర్చ. థుసిడిడీస్ రాసినదాని ప్రకారం, ఆ రోజు “మీరు ప్రసంగాల మోజులో పడిపోయారు” అని జనాన్ని తిట్టింది క్లియోనే! చర్చ కావాలన్నవాడు డయోడొటస్. కొద్ది తేడాతో అతని మాట నెగ్గింది. వెనకే పరుగెత్తిన రెండో ఓడ సమయానికి అందింది. తిరుగుబాటు చేసినవాళ్ళని వెయ్యిమందికి పైగా చంపారు, నిజమే. కానీ నగరం మిగిలింది. మిగిల్చింది ఒక ప్రసంగం.

ఆ సభలో ఆడవాళ్ళకీ బానిసలకీ మాట్లాడే హక్కు లేదు. తప్పు పట్టదలిస్తే అక్కడ పట్టండి. మాట్లాడటం రావడం నేరం కాదు. కొందరికే ఆ అవకాశం ఉండటం నేరం.