చింతిస్తున్నాము అంటే చాలా?

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." రైల్వే స్టేషన్‌లో ఈ మాట వినపడితే తల ఎత్తి చూసేవాళ్ళు కూడా ఉండరు. గత ఏడాది వానాకాలంలో ఒక రాత్రి ఈ వాక్యాన్ని మూడు భాషల్లో విన్నాను. పొద్దుపోక లెక్కపెట్టాను, పందొమ్మిదిసార్లు.

రెండు రోజుల సమావేశం ముగించుకుని ఐదుగురం కార్యకర్తలం జనరల్ బోగీలో తిరిగి వస్తున్నాం. సాయంత్రం ఆరున్నరకి దిగాలి. మా ఊరు ఇంకా నాలుగు స్టేషన్లు ఉందనగా బండి ఆగిపోయింది. ముందు లైను మీద నీళ్ళున్నాయన్నారు. కాసేపటికి నీళ్ళు కాదు, పనులు జరుగుతున్నాయన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. మేము మా స్టేషన్లో దిగేసరికి రాత్రి ఒంటిగంటా ఇరవై.

మా పక్కన ఒకమ్మాయి ఏడాదిన్నర బిడ్డతో కూర్చుంది. భర్త బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తాడు. ఆమె ఫోనులో చార్జింగు అయిపోయింది. పాలు, బిస్కెట్లు అయిపోయాయి. కానీ ఆమె బెంగ వాటి గురించి కాదు. "ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటానని మా అత్తకి చెప్పానక్కా. ఇప్పుడు అర్ధరాత్రి వెళ్ళి బండి లేటయిందంటే నమ్ముతుందా?" అంది. మాలో ఒకామె ఫోన్ ఇచ్చింది. అత్తగారు అంతా విని, "ఏదీ, రైలు చప్పుడు వినిపించు" అందట. ఆగిపోయిన రైలుకి చప్పుడెక్కడిది?

ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాయాలనిపించింది. రైలు ఆలస్యాన్ని అందరూ గంటల్లో లెక్కవేస్తారు. ఏడు గంటలంటే మగవాడికీ ఆడదానికీ ఏడు గంటలే కదా అనుకుంటారు. కాదు. తుండుగుడ్డ పరుచుకుని ప్లాట్‌ఫారం మీద నిద్రపోగలిగినవాడికి అది విసుగు. ఎనిమిదింటి ఆఖరి బస్సు తప్పిపోయి, ఒంటిగంటకి ముక్కూమొహం తెలియని ఆటోవాడిని నమ్మి ఆరు కిలోమీటర్లు వెళ్ళాల్సినామెకి అది భయం. ఇంటికెళ్ళాక సంజాయిషీ చెప్పుకోవాల్సినామెకి అది నిందితురాలి బోనే. రేపటి కూలీ పోవడం వీటన్నిటికీ అదనం. పిల్లల్ని పక్కింట్లో అప్పగించి వచ్చినవాళ్ళు, చంటిబిడ్డని వదిలి పాలు గట్టిపడి నొప్పితో అల్లాడేవాళ్ళు, నెలసరి వచ్చినవాళ్ళు ఏ టైంటేబుల్లోనూ కనిపించరు.

ఆ రాత్రి తొమ్మిదికల్లా బోగీ మరుగుదొడ్లలో నీళ్ళయిపోయాయి. నిజానికి మా బోగీలో ఆడవాళ్ళు చాలామంది మధ్యాహ్నం నుంచే మంచినీళ్ళు తాగడం మానేశారు. జనరల్ బోగీలో దొడ్డి దాకా వెళ్ళాలంటే నడవాలో కూర్చున్న నలభై మంది మగవాళ్ళ కాళ్ళు దాటాలి. దాటి వెళ్తే లోపల కూడా ఇద్దరు కూర్చుని ఉంటారు. దిగి స్టేషన్లోకి వెళ్తే స్త్రీల విశ్రాంతి గదికి తాళం వేసి ఉంది. ఒకామె అడిగితే తాళం చెవి లేదన్నారు. ఇద్దరు అడిగితే అది పై తరగతి ప్రయాణికులకన్నారు. పద్నాలుగు మందిమి వెళ్ళి అడిగితే తాళం చెవి దొరికింది. గదిలో పంపు పనిచేస్తోంది, దీపం వెలుగుతోంది. అంతసేపూ ఆ గది ఎవరికీ పనికిరాకుండా మూసి ఉందన్నమాట.

ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. కాదు. ఈ దేశంలో తెల్లవాళ్ళు కూడా దీన్ని చట్టంలో రాశారు. 1890 రైల్వే చట్టం 64వ సెక్షన్ ప్రకారం 1891 జనవరి 1 నుంచి ప్రతి ప్రయాణికుల రైల్లో, అన్నిటికన్నా కింది తరగతిలో, కనీసం ఒక పెట్టెని స్త్రీలకే ప్రత్యేకంగా ఉంచాలి. ఆ రైలు యాభై మైళ్ళకు మించి వెళ్ళేదైతే ఆ పెట్టెలో మరుగుదొడ్డి ఉండి తీరాలి. రైళ్ళలో మరుగుదొడ్లు 1909లో ఒక బెంగాలీ పెద్దమనిషి రాసిన ఉత్తరం వల్ల వచ్చాయని కథగా చెప్పుకుంటాం. ఆయన చెంబుతో పరిగెత్తిన కథ అందరికీ తెలుసు. అంతకు పద్దెనిమిదేళ్ళ ముందే అమల్లోకి వచ్చిన ఈ సెక్షన్ మాత్రం ఎవరికీ గుర్తులేదు!

స్వతంత్ర భారతంలో చేసిన 1989 రైల్వే చట్టంలో ఇదే విషయం 58వ సెక్షన్‌గా వచ్చింది. అందులో స్త్రీలకి ఒక పెట్టెగానీ, రైల్వే తనకు తగునని తోచినన్ని బెర్తులుగానీ సీట్లుగానీ కేటాయించాలని ఉంది. "కింది తరగతి" పోయింది. మరుగుదొడ్డి మాట పోయింది. "తగునని తోచినన్ని" వచ్చింది. నూరేళ్ళలో మనం సాధించిన ప్రగతి ఇది. స్లీపర్ బోగీల్లో స్త్రీలకి ఆరు బెర్తుల కోటా ఉంది, నలభై అయిదేళ్ళు దాటిన స్త్రీలకి కింది బెర్తు ఇవ్వడానికి ఏర్పాటు ఉంది. కాదనను. కానీ అవన్నీ రిజర్వేషన్ చేయించుకోగలిగినవాళ్ళకి. పని ఎప్పుడు దొరుకుతుందో, ఎప్పుడు పోతుందో తెలియని మనిషి రెండు నెలల ముందు బెర్తు ఎలా కొంటుంది?

అదే చట్టంలో 139వ సెక్షన్ చదివితే నాకు ఒక వింత కనిపించింది. టిక్కెట్టు లేకుండా ప్రయాణిస్తూ జరిమానా కట్టనివాళ్ళని రైల్లోంచి దించెయ్యవచ్చు. అయితే మగతోడు లేని స్త్రీని, పిల్లల్ని ఎక్కడ పడితే అక్కడ దించకూడదు. ఆమె బయల్దేరిన స్టేషన్లోగానీ, జంక్షన్లోగానీ, ఆఖరి స్టేషన్లోగానీ, జిల్లా కేంద్రంలోగానీ మాత్రమే దించాలి. అదీ పగటిపూటే. అంటే రాత్రివేళ చిన్న స్టేషన్లో ఒంటరి స్త్రీని దించడం ప్రమాదమని మన పార్లమెంటుకి తెలుసు. టిక్కెట్టు లేని స్త్రీకి ఆ మాత్రం రక్షణ ఇచ్చింది, మంచిదే. మరి టిక్కెట్టు కొనుక్కుని, సాయంత్రం ఆరున్నరకి దింపుతామన్న మాట నమ్మి ఎక్కిన స్త్రీని అర్ధరాత్రి ఒంటిగంటకి అదే చిన్న స్టేషన్లో దింపితే? ఆ పరిస్థితి గురించి ఈ సెక్షన్ మాట్లాడదు. సహాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబరు కూడా 139 కావడం కాకతాళీయం. 2021 ఏప్రిల్ నుంచి భద్రతకి ఉన్న పాత 182ని కూడా అందులోనే కలిపేశారు.

ఎదురుచూపులో ఉన్న ప్రమాదం ఊహించి రాస్తున్నది కాదు. 1998 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక స్త్రీ హౌరా స్టేషన్లో దిగింది. ఆమె టిక్కెట్టు వెయిటింగ్ లిస్టులో ఉంది. స్త్రీల విశ్రాంతి గదిలో కూర్చోమన్నారు, కూర్చుంది. బెర్తు సంగతి చూస్తామని నమ్మించి, రైల్వేవారి యాత్రి నివాస్‌కి తీసుకెళ్ళి అత్యాచారం చేశారు. చేసినవాళ్ళలో రైల్వే ఉద్యోగులున్నారు. కలకత్తా హైకోర్టు న్యాయవాది చంద్రిమా దాస్ కేసు వేశారు. ఆ ఉద్యోగులు చేసిన నేరంతో మాకేం సంబంధం అని రైల్వే వాదించింది. 2000 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని, పది లక్షల నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని చెప్పింది. పరాయి దేశస్తురాలైనా జీవించే హక్కు ఆమెకీ ఉందంది. ఈ తీర్పుని మనం అత్యాచార కేసుల జాబితాలోనే చదువుకున్నాం. రైలు కోసం కాచుకుని కూర్చున్న స్త్రీ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకి కూడా అది జవాబేనని నాకనిపిస్తుంది.

ఆలస్యం మీద నేరుగా వచ్చిన తీర్పు 2021 సెప్టెంబరులోది. 2016 జూన్‌లో అజ్మీర్-జమ్మూ రైలు నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబం శ్రీనగర్ విమానం అందుకోలేకపోయింది. టాక్సీలో వెళ్ళాల్సి వచ్చింది. టాక్సీకి, అక్కడ బసకి, మనోవేదనకి, ఖర్చులకి కలిపి పరిహారం ఇమ్మని జిల్లా వినియోగదారుల ఫోరం చెప్తే రైల్వే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆలస్యానికి మా పూచీ లేదని మా నిబంధనల్లోనే ఉందంది. ఆలస్యం మీ చేతుల్లో లేనిదని మీరే రుజువు చేయాలి, కారణం చెప్పలేకపోతే చెల్లించాలి అని కోర్టు తేల్చింది. చాలా విలువైన మాట. కానీ చూడండి, విమానం తప్పిపోతే దానికి టిక్కెట్టు ఉంటుంది, ధర ఉంటుంది, టాక్సీకి రసీదు ఉంటుంది. పల్లెవెలుగు బస్సు తప్పిపోతే ఏ రసీదు చూపిస్తాం? పోయిన కూలీకి? "రైలు చప్పుడు వినిపించు" అన్న మాటకి? ఇలాంటి కేసు ఒక్కటైనా మన సంఘాలు వేయాలి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఉన్న ఊళ్ళోనే, అంటే మన జిల్లా కమిషన్లోనే, ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. రెండేళ్ళ గడువుంది.

ఇక ఆలస్యాన్ని కొలిచే పద్ధతి చూద్దాం. 2022లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక ప్రకారం మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళ సమయపాలన 2012-13లో 79 శాతం ఉంటే 2018-19 నాటికి 69.23 శాతానికి పడిపోయింది. ఆ లెక్క కూడా ఆఖరి స్టేషన్‌కి పావుగంట అటూఇటూగా చేరిందా అని చూసి వేసింది. మధ్య స్టేషన్ల గోడు అందులో లేదు. ఆఖరి స్టేషన్ దగ్గరికొచ్చేసరికి టైంటేబుల్లో అరగంటో గంటో సందు వదిలిపెట్టి ఉంచుతారు. రెండు గంటలు లేటుగా నడిచిన బండి కూడా ఆ సందులో సర్దుకుంటుంది. సికింద్రాబాదులో దిగేవాడికి బండి కొంచెమే లేటు. దారిలో చిన్న స్టేషన్లో దిగే కూలిమనిషికి మాత్రం రెండు గంటలూ రెండు గంటలే. పెద్ద ఊళ్ళో దిగినవాళ్ళకి రాత్రంతా బస్సులుంటాయి, చిన్న ఊళ్ళో దిగినామెకి ఉండవు. లెక్క ఎక్కడ తీసుకోవాలో అక్కడ తీసుకోవడం లేదు.

వరదల్ని ఎవరాపగలరు అంటారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి కాజీపేట-విజయవాడ దారి తెగిపోయింది. వందల రైళ్ళు రద్దయ్యాయి. వానలో పనిచేసి కొద్దిరోజుల్లోనే లైను నిలబెట్టిన కార్మికులకి దండం పెట్టాలి. నా అభ్యంతరం వాన మీద కాదు. బండి ఆగిపోయాక లోపలున్న మనుషుల్ని ఎలా చూస్తారన్న దాని మీద. రాజధాని, శతాబ్ది లాంటి రైళ్ళు రెండు గంటలకు మించి ఆలస్యమైతే ప్రయాణికులకి టిఫినో భోజనమో పెట్టే ఏర్పాటు ఉంది. జనరల్ బోగీకి ఒక ట్యాంకరు నీళ్ళు కూడా లేవు. 2020లో "మేరీ సహేలీ" పేరుతో ఒంటరి స్త్రీలని దారిపొడుగునా పలకరించే మహిళా సిబ్బందిని పెట్టారు. మంచి పని. కానీ సీటు నంబరు ఉన్నవాళ్ళనే కదా వాళ్ళు రాసుకోగలిగేది. నిలబడి వెళ్ళేదానికి నంబరేది? కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లకి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టి, పది రూపాయల కనీస టిక్కెట్టుని ముప్ఫై చేసి, 2024 ఫిబ్రవరి దాకా వసూలు చేశారు. అప్పుడు కూడా ఆ బండ్లే ఎక్స్‌ప్రెస్‌లకి దారిచ్చి లూప్ లైన్లలో పడుండేవి. (పక్కనే ఇంకో మాట. ఇంజన్ నడిపే స్త్రీల సంఖ్య పెరిగింది, గర్వపడుతున్నాం. వాళ్ళ ఇంజన్లలో ఎక్కువ వాటికి మరుగుదొడ్డి లేదు. బండి ఆగిపోయినప్పుడు వాళ్ళూ మనలాగే నీళ్ళు తాగడం మానేస్తారు.)

కార్యకర్తలు తెలుసుకుని ఉండాల్సినవి కొన్ని. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై మనం ప్రయాణం మానుకుంటే రిజర్వేషన్ టిక్కెట్టు డబ్బు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. కానీ బండి మన స్టేషన్ నుంచి కదలకముందే కౌంటర్లో టిక్కెట్టు ఇవ్వాలి, ఆన్‌లైన్ టిక్కెట్టయితే టీడీఆర్ దాఖలు చేయాలి. కదిలాక వెళ్తే ఆ నిబంధన పనిచేయదు. బండి రద్దయితే కౌంటర్ టిక్కెట్టుకి మూడు రోజుల గడువుంది. మధ్యలో ఆగిపోయి గమ్యం చేర్చలేకపోతే మొత్తం ఛార్జీ ఇవ్వాలి. వాళ్ళు బస్సు ఏర్పాటు చేసినా మనం ఎక్కకపోతే మిగిలిన దూరానికే ఇస్తారు. వలస వెళ్ళేవాళ్ళ విషయంలో ఒక మెలిక ఉంది. ఆన్‌లైన్ డబ్బు టిక్కెట్టు కొన్న ఖాతాకే పోతుంది. అంటే ఏజెంటుకో మేస్త్రీకో చేరుతుంది. అక్కడి నుంచి ఆమె చేతికి వచ్చిందాకా వెంటపడాల్సింది మనమే. పాత టిక్కెట్టు పారేయకండి, ఫొటో తీసి ఉంచండి. 139కి చేసినప్పుడు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి.

ఆ రాత్రి మేమే ఆ అమ్మాయిని ఇంటిదాకా దిగబెట్టాం. అత్తగారు తలుపు తీసి ఐదుగురు ఆడవాళ్ళని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బిడ్డ ఏమన్నా తిన్నదా?" అని లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఇంతమంది సాక్షులు లేకపోతే ఆ తలుపు ఎలా తెరుచుకునేదో నాకు తెలియదు. మర్నాడు స్త్రీల గది తాళం గురించి ఫిర్యాదు రాశాం. మూడు వారాలకి జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు. ఆఖరిది మీకు తెలిసినదే.

వచ్చే సంచికలోపు ఒక పని చేయండి. రాత్రి పది దాటాక మీ దగ్గరి స్టేషన్‌కి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. స్త్రీల విశ్రాంతి గది తెరిచి ఉందా, జనరల్ టిక్కెట్టు ఉన్నామెని లోపలికి రానిస్తున్నారా, పంపులో నీళ్ళొస్తున్నాయా చూడండి. తాళం వేసి ఉంటే తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కుని, తేదీ, టైము వేసి పత్రికకి రాసి పంపండి.