నాలుగు వంశాలు, ఒకే చందమామ తాత

బి.కొత్తకోటలో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడి ఉద్యోగం, పొలం లెక్కా కాస్త వెనకైనా వస్తాయి, వంశం మాత్రం ముందు రావాల్సిందే. ముత్తాత తండ్రి పేరేమిటని అడిగితే పెద్దలే తడుముకుంటారు. రక్తంలో ఏదో ఉందన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరదు. ఆ నమ్మకానికి ఒకప్పుడు గట్టి పరీక్షే జరిగింది. మదనపల్లె, పీలేరు, భాకరాపేట దాటి కనుమ దిగితే వచ్చే చంద్రగిరి కోట, ఆ పరీక్షలో చితికిపోయిన ఇంటివారిదే.

విజయనగరాన్ని నాలుగు వంశాలు ఏలాయి. 1485లో చంద్రగిరి సాళువ నరసింహుడు సంగమ రాజు గద్దెను లాక్కున్నాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సాళువలకు తుళువలు అదే పని చేశారు. ఆ తర్వాత అరవీటివారి వంతు. తంటా ఏమిటంటే, నలుగురూ తమది చంద్రవంశమే అన్నారు. గద్దె ఎవరు గుంజుకున్నా శాసనం రాసే పండితుడు మళ్ళీ చందమామ దగ్గరే మొదలుపెట్టేవాడు.

ఇది మన పండితుల గొప్పే కాదు. బైజాంటియం రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో రైతు బిడ్డ బాసిల్, తనను పైకి తెచ్చిన మూడో మైకేల్ చక్రవర్తిని 867లో చంపించి గద్దెనెక్కాడు. ఆయనకూ ఆర్మేనియా పాత రాజుల వంశవృక్షం తయారైంది.

మళ్ళీ చంద్రగిరికి వద్దాం. అక్కడి నుంచి కొలువును వేలూరుకు మార్చిన అరవీటి రెండో వెంకటపతి రాయలకు చాలామంది రాణులున్నా కొడుకులు లేరు. పోర్చుగీసు పాదిరీ బర్రాదాస్ 1616లో రాసిన లేఖ ప్రకారం, గొబ్బూరి జగ్గరాయుడి ఇంటి ఆడపడుచైన రాణి ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను రహస్యంగా తెప్పించి తన కొడుకేనంది. రాజుకు సంగతి తెలుసు, రాణి మీద ప్రేమతో ఊరుకున్నాడు. ఇక్కడ కాసేపు ఆగాలి. వర్ణం పుట్టుకతోనే ముఖంలో తెలిసిపోతుందనే దేశంలో, కొలువు నిండా శాస్త్రాలు చదివినవాళ్ళుండగా, ఆ బిడ్డ రాకుమారుడిగానే పెరిగాడు. రక్తం నోరు విప్పి ఏమీ చెప్పలేదు.

1614లో రాయలు పోతూ రాజ్యాన్ని అన్నకొడుకు శ్రీరంగరాయలకు అప్పగించాడు. ముగ్గురు రాణులు సహగమనం చేశారు. ఇంటి పరువు కోసం ఆడవాళ్ళు మంటల్లో దిగిన అంతఃపురమూ, పరాయి బిడ్డను వారసుడని సాకిన అంతఃపురమూ ఒకటే. జగ్గరాయుడు శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చెరలో పెట్టి, ఆ పిల్లవాణ్ణి గద్దెనెక్కించాడు. ఎదురు నిలిచినవాడు వెలుగోటి యాచమ నాయకుడు. శ్రీరంగరాయల రెండో కొడుకు రామదేవుణ్ణి ఒక చాకలి బట్టల మూటలో దాచి బయటికి తెచ్చాడు. చంద్రవంశం ఆ రోజు మైల బట్టల మూటలో బతికి బట్టకట్టింది.

ఇక చెరలో ఉన్నవాళ్ళను బతకనివ్వకూడదని జగ్గరాయుడు అనుకున్నాడు. రాజు తన చేత్తోనే భార్యనూ పిల్లలనూ చంపి, తానూ కత్తికి బలి కావాల్సివచ్చింది.

రాచరక్తం పవిత్రమన్న నమ్మకం హంతకుడి చేతిని ఆపి ఉండాలి కదా? ఆపకపోగా దారి చూపింది. హక్కు రక్తంలో ఉందంటే, రాజొక్కణ్ణి చంపితే చాలదు, పసివాళ్ళనూ మిగల్చకూడదు. బైజాంటియంలో అవయవలోపం ఉన్నవాడు ఏలరాదన్నారు. కాబట్టి అక్కడ కళ్ళు పెరికారు. 797లో ఐరీన్ రాణి సొంత కొడుకు ఆరో కాన్‌స్టాంటైన్ కళ్ళు తీయించింది, అదీ అతను పుట్టిన ఊదారంగు గదిలోనే. గుడ్డివాడని ధృతరాష్ట్రుణ్ణి పక్కన పెట్టిన కథ విన్న మనకు ఆ లెక్క కొత్తేమీ కాదు.

రెండేళ్ళకు పైగా అంతర్యుద్ధం సాగింది. ఒకవైపు తంజావూరు, మరోవైపు మధుర, సెంజి నాయకులు దిగారు. కావేరి ఒడ్డున తోపూరు యుద్ధంలో జగ్గరాయుడు హతమయ్యాడు. గద్దె రామదేవుడికి దక్కింది. ఆ తర్వాత రాజీ కోసం ఆయన జగ్గరాయుడి తమ్ముడు ఎతిరాజు కూతుర్ని పెళ్ళాడి, తన తల్లిదండ్రులను పొట్టనబెట్టుకున్న ఇంటికే అల్లుడయ్యాడు.