బావి మనది, బాధ్యత యెవరిది?

పూర్వుల కీర్తిని పొగడుటలో మనవారిని మించినవారు లేరు. ఆ పూర్వులు త్రవ్వించిన బావిలో చెత్త పోయుటలోను మనవారిని మించినవారు లేరు. ఈ మాట కటువుగా దోచినచో పాఠకులు సికిందరాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావిని జూచి రావలయును.

ఆ బావి సుమారు 300 ఏండ్లనాటిదని చెప్పుదురు. 1806లో సికందర్ జా పేర నీ పట్టణము వెలయుటకు మునుపే జనులచ్చట మెట్లు దిగి నీరు తెచ్చుకొనుచుండిరన్నమాట. ఇంటికి కొళాయి వచ్చెను. బావి మరపున బడెను. పిమ్మట చెత్తకుప్ప యయ్యెను. ఏ శత్రువును దండెత్తి వచ్చి దానిని పూడ్చలేదు. మనమే, దినమున కొక గంపచొప్పున, పూడ్చితిమి.

2021లో వాస్తుశిల్పి కల్పనా రమేష్ గారును, నగరపాలక సంస్థయు, ప్రజలును చేయి కలిపి పూడిక తీయింప నారంభించిరి. మెట్లు బయటపడెను, రాతికట్టడము బయటపడెను, తుదకు నీరు కనబడెను. 2022 డిసెంబరు 5వ తేదీన బావికి ప్రారంభోత్సవము జరిగెను. చచ్చినదనుకొన్న బావి చావలేదు. మనము దాని నోరు మూసియుంటిమి, అంతియే.

“కొళాయి లుండగా పాతబావి యేల?” యని కొందరందురు. 1908లో మూసీ వరద ముంచిన పిదప ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము కట్టిరి. అవియు చాలక నేడు కృష్ణా గోదావరుల నీటిని నూరు కిలోమీటరులకు మించిన దూరమునుండి తెచ్చుకొనుచున్నాము. 2020 అక్టోబరు వానలకో, పేటలకు పేటలే మునిగెను. లేని నీటిని తెచ్చుట కొక వ్యయము, వచ్చిన నీటిని వెడలగొట్టుటకు వేరొక వ్యయము! వాననీటిని నేలలోని కింకించు బావి యొక్కటి యీ రెండు వ్యయములను గొంతైన దగ్గింపదా?

“ఇది ప్రభుత్వము చేయవలసిన పని” యని మరికొందరందురు. చెత్త వేయునపుడు ప్రభుత్వము ననుమతి యడుగనివారు, తీయునపుడు మాత్రము ప్రభుత్వముకొరకు వేచియుండుట యే న్యాయము?

పునరుద్ధారకులకును నొక మాట చెప్పవలసియున్నది. నేను నా విద్యార్థులను ఆ బావికి గొనిపోయినపుడు ఒక బాలుడు, “సార్, పూర్వము మావాళ్లను ఈ మెట్లు దిగనిచ్చేవారా?” యని యడిగెను. ఆ బావి చరిత్రలో దీనికి సమాధానము నాకు దొరకలేదు. మన దేశములోని బావుల చరిత్ర నెరిగినవాడ నగుటచే తల వంచుకొంటిని. చెరువునీరు త్రాగుటకే 1927లో అంబేడ్కరు మహాడ్ పట్టణమున వేలమందిని వెంటబెట్టుకొని పోవలసివచ్చిన దేశమిది. కావున రాతిని నిలుపుదము. ఆ రాతిపై నొకప్పుడు గీసిన గీతను నిలుపరాదు. పూర్వుల పనితనము మనకు వారసత్వము. వారి పక్షపాతము గాదు.

ఇక చేయవలసిన దేమి? ప్రారంభోత్సవమునకు పోయినవారు మరునాడు చీపురు పట్టుకొని పోవలయును. పేటలోని ప్రతి పాఠశాలయు నెలకొక దినము బావికి గేటాయింపవలయును. బావిని గాపాడు సంఘములో, ఏ కులమువారిని బావులయొద్దకు రానీయకుండిరో ఆ కులమువారికి ముందుగా చోటీయవలయును. అంతకంటె ముఖ్యముగా, ప్రతివాడును తన వీథిలో పూడిపోయిన బావి యెచ్చటనున్నదో పెద్దల నడిగి తెలిసికొనవలయును.

అట్లు చేయనిచో, బన్సీలాల్‌పేట బావి మరల నిండును. నీటితో గాదు.