మాటకు ప్రాణము మనిషి

విజయనగరము జిల్లాలోని కొత్తవలస పేరునకు వలసవచ్చినవారి క్రొత్త నివాసమని అర్థము. ‘వలస’ యన్నంతనే ఆ ప్రాంతపు బాలునకు పనికై ఊరు విడిచిన బంధువు జ్ఞప్తికి వచ్చును. కృత్రిమ మేధకు బంధువులు లేరు. ఏ మాట ప్రక్కన ఏ మాట వచ్చునో కోట్లకొలది వాక్యములలో లెక్కించి అది అర్థమును గ్రహించును. ఆ శక్తి అద్భుతమే. కాని వ్రాతకును ధ్వనిముద్రణకును ఎక్కని మాట దానికి అందదు.

అట్టి మాటలను సేకరించుటెట్లో శ్రీకాకుళ ప్రాంతీయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు చూపిరి. కొండలలోని సవరల భాషను వారి నోటనుండియే నేర్చి వారు రచించిన వ్యాకరణము 1931లో, నిఘంటువు 1938లో వెలువడెను. యంత్రమునకు మాట నేర్పుటకును మార్గమిదియే. పెద్దల పలుకులను నేటి విద్యార్థులు వ్రాసియుంచనిచో, రేపటి యంత్రములు తెలుగు పలుకవచ్చును గాని ఉత్తరాంధ్రపు తెలుగు పలుకజాలవు.